గది చల్లబడలేదు

రెండువేల సంవత్సరం చివర వచ్చిన చలికాలంలో మా ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఒక్కటీ వెలగలేదు. అంతకుముందు పండిన పొగాకే అమ్ముడుపోక మూలుగుతోందని, ఆ ఏడాది ఎవరూ వెయ్యొద్దని క్రాప్ హాలిడే అన్నారు. మామూలుగా జనవరి వచ్చేసరికి దర్శి చుట్టుపక్కల ఏ ఊరు చూసినా కట్టెల పొగ, పండుతున్న ఆకు వాసన. ఆ ఏడు పొలాల్లో శనగ, కంది తప్ప ఏమీ లేవు.

మా మామగారు యలమందయ్య గారు నలభై ఏళ్ళుగా బ్యారన్ కాల్చే మనిషి. లోపల పచ్చాకు కట్టిన దగ్గర్నుంచి ఈనెలు ఎండేదాకా ఐదారు రోజులు పొయ్యి దగ్గరే తిండి, అక్కడే నిద్ర. ఏ పూటకి లోపల ఎన్ని డిగ్రీలుండాలో, దానికి ఎన్ని మొద్దులు పడాలో ఆయనకి కొట్టిన పిండి. వేడి తప్పితే ఆకు నల్లబడిపోతుంది. ఆయన కాల్చిన ఆకు నల్లబడిందని ఎవరైనా అనగా నేను వినలేదు. అలాంటి మనిషి ఆ ఏడు పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవారు. అన్నం పెట్టి పిలిస్తే రెండోసారి పిలిచేదాకా లేచేవారు కాదు.

డిసెంబరు మూడో వారంలో నాకు నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల ఇంకా నిండలేదు. కానుపుకి గుంటూరు పక్కన నల్లపాడు, మా పుట్టింటికి, ఇంకో పది రోజుల్లో వెళ్ళాల్సింది. మా ఊరి అలీ సాహెబ్ బాడుగ జీపులో ఒంగోలు తీసుకెళ్ళారు. ఆడపిల్ల. కిలో నాలుగువందల యాభై గ్రాములు. పిల్లల డాక్టరు నసీమున్నీసా గారు పాపని అద్దాల పెట్టెలో పెట్టి, పైన వేడి బల్బులు వెలిగించి, పన్నెండు రోజులు ఉంచారు. పదమూడో రోజు పొద్దున మమ్మల్ని ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచారు. నేను, మా ఆయన కోటేష్, మామగారు.

"ఊపిరి బాగానే తీసుకుంటోంది. పాలు మింగుతోంది. ఇప్పుడు దానికి కావాల్సింది వెచ్చదనం ఒక్కటే. నా దగ్గరున్నవి రెండు పెట్టెలు. ఇంతకంటే చిన్నపిల్లని ఇప్పుడే తీసుకొచ్చారు. మీకు గుంటూరు పెద్దాసుపత్రికి రాసిస్తాను. ఇంట్లో ఉంచాలంటే గది ఎనభై నాలుగు డిగ్రీలకి తగ్గకూడదు. పల్లెటూళ్ళో, ఈ చలిలో, ఈ కరెంటుతో అది కుదరదు."

"గుంటూరు వెళ్దాం" అన్నాడు కోటేష్ వెంటనే. "నల్లపాడులో వీళ్ళవాళ్ళున్నారు. ఇబ్బంది ఉండదు."

మామగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "ఎనభై నాలుగంటే ఫారన్‌హీటా అమ్మా?" అని అడిగారు.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "అవునండీ."

"మేం ఆకుని మొదటిరోజు తొంభై దగ్గర పెడతాం. తొంభై అంటే తొంభయ్యే, అటూ ఇటూ కదలనివ్వం. ఎనభై నాలుగు నేనుంచుతాను."

"పిల్ల ఆకు కాదు నాన్నా" అన్నాడు కోటేష్.

"వేడి వేడే గదరా."

డాక్టరమ్మ ఆయన్ని చాలా ప్రశ్నలడిగింది. పొయ్యి ఎక్కడ పెడతారు, పొగ ఎటు పోతుంది, రాత్రిళ్ళు ఎవరు చూస్తారు. ఆయన అన్నిటికీ తడుముకోకుండా చెప్పారు. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అంది.

ఆ వార్డులో పన్నెండు రోజుల్లో ఇద్దరు పిల్లలు పోవడం చూశాను. ఇంకో ఊళ్ళో ఇంకో వార్డు చూడలేననిపించింది. "ఇంటికే వెళ్తామండీ" అన్నాను.

"అయితే గది వేడి, పాప చంకలో వేడి, రెండూ మూడు గంటలకోసారి చూసి రాయాలి. పాపది తొంభై ఏడుకి తగ్గితే నీ గుండెలకి కట్టుకో. గది వేడి పెంచండి. అయినా పెరగకపోతే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి."

గది సిద్ధమయ్యేదాకా నాలుగు రోజులు పాపని వార్డులోనే నా గుండెలకి కట్టి ఉంచారు. కొత్త సంవత్సరం రోజున ఇంటికొచ్చాం.

మామగారు అప్పటికే బ్యారన్‌లోంచి రెండు రేకు గొట్టాలు విప్పి తెచ్చారు. వాకిలి పక్కగదికి బయట గోడనానుకుని పొయ్యి కట్టారు. గోడకి కన్నం వేసి, గొట్టాన్ని గది నేల వెంబడి తీసుకెళ్ళి, వెనక గోడలోంచి బయటికి పంపి, పెరట్లో ఇంటికప్పు కంటే ఎత్తుగా నిలబెట్టారు. మంట బయట, పొగ బయట, గదిలోకి వేడి గొట్టం ఒక్కటే. అతుకులన్నీ బంకమట్టితో మెత్తి, పొయ్యి రాజేసి, తడిపిన తెల్లగుడ్డ ప్రతి అతుకు దగ్గరా పట్టుకుని చూశారు. మసి అంటలేదు. గొట్టం పక్కనే ఒక కుండతో నీళ్ళు పెట్టారు. గాలి మరీ పొడిగా ఉంటే గొంతు ఎండిపోతుందట. మంచం తల దగ్గర బ్యారన్ థర్మామీటరు వేలాడదీశారు. అప్పుడు నన్ను లోపలికి రమ్మన్నారు.

అంత పెద్ద మనిషి ఆ నాలుగు రోజుల్లో పదేళ్ళు తగ్గినట్టు కనిపించారు.

నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివాను. దర్శి నుంచి ఒక గ్రాఫు పుస్తకం తెప్పించుకున్నాను. అడ్డంగా గంటలు, నిలువుగా డిగ్రీలు. గదికి పెన్సిలు గీత, పాపకి ఎర్ర పెన్ను గీత. పొయ్యిలో కట్టె వేసినప్పుడల్లా అడుగున చిన్న ఇంటూ గుర్తు. మొదట్లో మామగారు దాన్ని ఎగతాళి చేశారు.

"ఎందుకమ్మా ఆ బొమ్మలు? గొట్టం మీద చెయ్యి పెడితే నాకు తెలిసిపోతుంది."

"డాక్టరమ్మ రాయమంది గదా మామయ్యా."

వారం తిరిగేసరికి ఆ గీతలు నాకు ఇంటి సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టాయి. మొద్దు వేశాక నలభై నిమిషాలకి గాని గది వేడెక్కదు. తుమ్మ మొద్దుకి గీత నింపాదిగా లేచి చాలాసేపు నిలబడుతుంది. సర్వి కట్టెకి చటుక్కున లేచి చటుక్కున పడుతుంది. రోజూ పొద్దున ఆరింటికి మాత్రం మూడు డిగ్రీలు దిగిపోతోంది. ఎందుకో రెండు రోజులు అర్థం కాలేదు. మూడో రోజు చూస్తే మా అత్తగారు రాజ్యం గారు గదిలోకొచ్చి, నీళ్ళకుండ నింపుతూ, బయటి తలుపు బార్లా తీసి పెడుతోంది.

"గాలి ఆడాలి గదే" అంది.

"పదింటికి ఆడనిద్దాం అత్తయ్యా, ఎండొచ్చాక."

ఆ సాయంత్రం పుస్తకం మామగారికి చూపించి, ఐదింటికే ఒక మొద్దు వేస్తే ఆరింటికి దిగదని చెప్పాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని వేలితో ఆ గీత వెంట నడిచారు. మర్నాడు ఐదింటికి మొద్దు పడింది. గీత దిగలేదు. అప్పట్నుంచీ రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి అడిగేవారు:

"కాయితం ఏమంటోంది?"

"బాగుందంటోంది మామయ్యా."

"పిల్ల?"

"తొంభై ఎనిమిది."

ఆయన తల ఊపి పొయ్యి దగ్గరికి వెళ్ళేవారు.

పాప ఉగ్గుగిన్నెతో పాలు తాగేది. నేను పగలంతా గుండెలకి కట్టుకుని ఉండేదాన్ని, స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారు కట్టుకునేది. పేరు పెట్టలేదు. రెండు కిలోలు వచ్చాక పెడదామన్నారు మామగారు. కోటేష్ చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో పని చేసేవాడు, ఆదివారాలు వచ్చేవాడు. రాతి దుమ్ముతో ఉంటానని స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు కూడా గుమ్మం దగ్గరే నిలబడి చూసేవాడు. జనవరి ఆఖర్న ఒంగోలు తీసుకెళ్తే పాప కిలో ఏడువందల ఎనభై తూగింది. నసీమున్నీసా గారు నా పుస్తకం అంతా తిప్పి చూసి, ఇంకో డాక్టరుని పిలిచి చూపించింది. బయటికొచ్చి చెబితే మామగారు అక్కడే ఆ వరండాలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

ఫిబ్రవరి ఐదు, సోమవారం. ఆ తేదీ పుస్తకంలో చూడక్కర్లేదు.

పొద్దున ఏడింటికి పాప తొంభై ఏడు. మూడు రోజులుగా తొంభై ఎనిమిది కంటే దిగలేదు. సరిగ్గా పెట్టలేదేమో అనుకుని మళ్ళీ పెట్టాను. తొంభై ఏడే. గది ఎనభై ఐదు. గుండెలకి ఇంకా గట్టిగా కట్టుకుని పైన దుప్పటి కప్పుకున్నాను. పదింటికి చూస్తే తొంభై ఆరున్నర. గది ఎనభై ఐదు. పుస్తకం తీసి రెండు చుక్కలు పెట్టి కలిపాను. పెన్సిలు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. ఎర్ర గీత ఒక్కటే కిందికి వంగింది. అప్పటిదాకా ఎప్పుడు పాప చల్లబడినా దానికి ముందు గది చల్లబడేది. ఇలా ఎప్పుడూ లేదు.

మామగారు శనగ చేను చూసి అప్పుడే వచ్చారు.

"కాయితం ఏమంటోంది?"

"పాప తగ్గింది మామయ్యా. గది తగ్గలేదు."

"అదెట్లా?"

పుస్తకం చూపించాను. ఆయన చూశారు. లోపలికొచ్చి గొట్టం మీద చెయ్యి పెట్టారు. తీసి, ఇంకోచోట పెట్టారు. కాసేపు అలాగే వంగి ఉన్నారు.

"మంట చాల్లేదు. థర్మామీటరు తప్పు చూపిస్తుండాలి" అన్నారు. బయటికెళ్ళి రెండు మొద్దులు వేశారు.

పన్నెండింటికి గది తొంభై అయింది. నాకు చెమటలు పోస్తున్నాయి. పాప ఉగ్గుగిన్నెలో పాలు సగం వదిలేసింది. నాలుకతో బయటికి నెట్టేసింది. "నిద్రమత్తులే" అంది అత్తగారు. పన్నెండున్నరకి దర్శి బస్సు మా వీధి మలుపులో హారను కొట్టింది. ఆ బస్సెక్కి దర్శిలో మారితే మూడున్నరకల్లా ఒంగోలులో ఉంటాం. డాక్టరమ్మ ఏం చెప్పిందో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. కానీ ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషికి నలభై ఏళ్ళ అనుభవం. నాకున్నది ఇంటర్ చదువు. ఇంకో మూడు గంటలు చూద్దాం అనుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

మూడింటికి తొంభై ఆరు ముప్పావు. చూశారా, పెరుగుతోంది అన్నారు మామగారు. ఆ పావు డిగ్రీని పట్టుకుని ఆ రాత్రంతా కూర్చున్నాం.

మంగళవారం తెల్లారేసరికి పాదరసం అడుగు గీత దాటలేదు. పాప నోరు తెరవలేదు. అలీ సాహెబ్ జీపు వచ్చేసరికి ఏడైంది. దారంతా నేను పాపని కట్టుకుని, మీద మామగారి దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఆయన వెనక సీట్లో కూర్చుని, "ఇంకొంచెం తొందరగా అలీ సాహెబ్, ఇంకొంచెం తొందరగా" అంటూనే ఉన్నారు.

నసీమున్నీసా గారు పాపని లోపలికి తీసుకెళ్ళారు. మామగారిని బయటే ఉండమన్నారు. గంట తర్వాత నన్ను పిలిచి, గ్రాఫు పుస్తకం అడిగింది. ఆఖరి పేజీ చూసింది.

"గది బాగానే ఉంచారమ్మా. గది తప్పు ఏమీ లేదు. ఇది చలి కాదు, లోపల ఇన్ఫెక్షన్. రక్తంలోకి వెళ్ళింది. ఇంత చిన్నపిల్లలకి చాలాసార్లు జ్వరం రాదు, ఇలా చల్లబడిపోతారు." వేలు ఎర్ర గీత మీద పెట్టింది. "సోమవారం పొద్దున ఇక్కడే దిగింది. అప్పుడే తీసుకొచ్చి ఉంటే... ఎవరూ చూడలేదా?"

"చూడలేదండీ" అన్నాను. "రాసుకుంటూ పోయాను."

ఆవిడ పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

బుధవారం మధ్యాహ్నం పాప పోయింది. కేసు కాగితంలో పేరు దగ్గర 'బేబీ ఆఫ్ జ్యోతిర్మయి' అని ఉంది. మామగారే చేతుల్లో పెట్టుకుని ఊరిదాకా తెచ్చారు. ఎవరికీ ఇవ్వలేదు. మా చేలోనే, ఆ ఏడు పొగాకు వెయ్యని మడిలో పూడ్చారు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతో ఆయన ఒకే మాట అనేవారు. "బ్యారన్ నిండా ఆకుని కాపాడినోణ్ణి. గుప్పెడంత పిల్లని వెచ్చగా ఉంచలేకపోయాను." వచ్చినవాళ్ళు తల ఊపేవాళ్ళు. చలి ఈ ఏడు మరీ ఎక్కువలే అనేవాళ్ళు. అత్తగారు కూడా అదే చెప్పేది, చలికే పోయిందని. నేను లోపలి గదిలో పడుకుని ఇదంతా వినేదాన్ని. ఆయన తప్పు లేదని చెప్పాలంటే సోమవారమే గీత దిగిందన్న తర్వాతి మాట కూడా చెప్పాలి. రొమ్ములు పాలతో గడ్డకట్టి మండుతుండేవి. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

కబురంది వచ్చిన కోటేష్ పదిరోజులు ఏమీ అనలేదు. పదకొండో రోజు అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పెట్టేసి లేచాడు.

"గుంటూరు తీసుకెళ్దామన్నాను. అనలేదా నాన్నా? డాక్టరు ముందు అన్నాను."

మామగారు తలెత్తలేదు.

"వేడి వేడే గదరా అన్నావు. ఖాళీగా కూర్చోలేక, పని లేక, నా పిల్లతో బ్యారన్ ఆట ఆడావు."

"ఒరేయ్, ఏం మాటల్రా అవి!" అంది అత్తగారు.

"ఉండవే. అననీ" అన్నారు మామగారు.

నేను నీళ్ళ చెంబు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ ఒక్క నిమిషంలో నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. కోటేష్ చెయ్యి కడుక్కుని ఆ పూటే చీమకుర్తి వెళ్ళిపోయాడు. అక్కడ గది చూశానని, ఏప్రిల్లో నన్ను తీసుకెళ్తానని కబురు పంపాడు. తండ్రితో మాటలు మానేశాడు.

ఏప్రిల్ వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నేను చీమకుర్తి వెళ్ళాల్సిన ముందురోజు, పొద్దున తొమ్మిదింటప్పుడు, మామగారు పక్కగదిలో గొట్టాలు విప్పి బయట పడేశారు. గోడ కన్నాల్లో రాళ్ళు కూరి మట్టి మెత్తుతున్నారు. నేను మట్టి ముద్దలు చేసి అందిస్తూ కూర్చున్నాను. అత్తగారు బట్టలు తీసుకుని రేవుకి వెళ్ళింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"మామయ్యా, ఆ రోజు గది చల్లబడలేదు" అన్నాను.

ఆయన మెత్తడం ఆపలేదు.

"మీ పొయ్యి ఒక్క పూట కూడా తప్పలేదు. పాపకి లోపల జబ్బు చేసింది. గది తప్పు లేదని డాక్టరమ్మ నాతో చెప్పింది. సోమవారమే తీసుకురావాల్సిందంది." చేతిలో మట్టిముద్ద కింద పెట్టాను. "నేను చూశాను మామయ్యా. గీత దిగడం చూసి, డాక్టరమ్మ చెప్పింది గుర్తుండి, బస్సు హారను వినిపించి కూడా కూర్చున్నాను. ఎవరూ చూడలేదా అని అడిగితే చూడలేదని అబద్ధం చెప్పాను. ఇన్నాళ్ళూ తప్పు మీ మీద పడుతుంటే వింటూ ఊరుకున్నాను."

ఆయన తాపీ కింద పెట్టారు. చేతులకి మట్టి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు.

"ఏం తెలుసు?"

"గది చల్లబడలేదని. గొట్టం మీద చెయ్యి పెడితే నాకు తెలీదా? థర్మామీటరు సరిగ్గానే ఉంది. నీ కాయితమూ సరిగ్గానే ఉంది."

"మరి మంట చాల్లేదన్నారు?"

గోడ మీద తడిమట్టి అంచులు అప్పుడే ఆరిపోయి తెల్లబడుతున్నాయి.

"ఇంకేమనను? పొయ్యి అయితే నా చేతిలో పని. ఇంకో మొద్దు వేస్తే సరిపోద్ది. పొయ్యి కాదంటే మరి నా చేతిలో ఏముందమ్మా? భయమేసింది. అందుకని మొద్దులేశాను."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా కూర్చున్నారు.

"మీ అబ్బాయికి చెప్పేస్తాను" అన్నాను. "రేపు వెళ్ళగానే."

"వద్దు."

"మీతో మాట్లాడట్లేదు గదా మామయ్యా."

"మాట్లాడకపోతే ఏం? నేనిక్కడుంటాను, వాడక్కడుంటాడు. నీ మీద వాడికి మనసు విరిగితే, ఒకే గదిలో ఎట్లా బతుకుతావు? ఇద్దరం చేసిందే గదా. ఒకళ్ళ మీద ఉంటే చాలు." తాపీ మళ్ళీ తీసుకున్నారు. "ఇంకో ముద్ద ఇవ్వు. కొంచెం గట్టిగా కలుపు."

కలిపి ఇచ్చాను.

తర్వాతి ఏడు పొగాకు మళ్ళీ వేశారు. బ్యారన్ కాల్చడానికి ఆయన్ని మూడు ఊళ్ళవాళ్ళు వచ్చి పిలిచారు, వెళ్ళలేదు. కోటేష్‌తో ఎన్నోసార్లు చెప్పబోయాను. కొడుకు పుట్టినప్పుడు, వాడు బాగా బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఇక చెప్పినా ఏం కాదు అనిపించినప్పుడు కూడా చెప్పలేదు. మామగారు మనవణ్ణి చూడ్డానికి చీమకుర్తి వచ్చారు. కోటేష్ "బాగున్నావా" అని అడిగి, పనుందని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన గంటసేపు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు.

మామగారు రెండువేల ఆరు వేసవిలో పోయారు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర, పేరయ్య గారనే దూరపు చుట్టం ఒకాయన, యలమందయ్య లాగా ఆకు కాల్చే మనిషి మళ్ళీ పుట్టడని అన్నాడు. కోటేష్ ఆ పంక్తిలోనే కూర్చుని ఉన్నాడు.

"ఆకు బాగానే కాల్చేవాడు" అన్నాడు. "నా మొదటి పిల్లని మాత్రం చలికి వదిలేశాడు."

అందరూ విస్తళ్ళలోకి చూసుకున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాతి విస్తరి దగ్గరికి జరిగి, అక్కడ వడ్డించాను.